తేలికపాటి లినక్స్ వ్యవస్థల నవీకరణలో ప్యాకేజీ హెచ్చరికలు

తక్కువ మెమరీ, చిన్న డిస్కు, పాతబడిన ప్రాసెసరు ఉన్న కంప్యూటర్ల మీద కూడా ఇబ్బంది లేకుండా నడిచేటట్టు, అవసరమైన ప్రోగ్రాములను మాత్రమే ఏరి కూర్చిన లినక్స్ పంపిణీలను తేలికపాటి వ్యవస్థలని వ్యవహరిస్తారు. లుబుంటు, యాంటీఎక్స్, రాస్ప్‌బెర్రీ పై ఓఎస్‌లోని లైట్ కూర్పు, ఆల్పైన్ లినక్స్ ఈ కోవకు చెందినవి. వీటిలో ప్రతి ప్రోగ్రామూ ప్యాకేజీ రూపంలో వస్తుంది. అందులో ప్రోగ్రాము ఫైళ్లతో పాటు దాని వెర్షన్ సంఖ్య, అది పనిచేయడానికి కావలసిన ఇతర ప్యాకేజీల జాబితా, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు నడవవలసిన చిన్న స్క్రిప్టులు ఉంటాయి. పాత ప్యాకేజీల స్థానంలో కొత్త వెర్షన్లను చేర్చడాన్ని నవీకరణ లేదా అప్‌గ్రేడ్ అంటారు. ఆ పని జరుగుతుండగా టెర్మినల్ తెర మీద కనిపించే సూచనలను, హెచ్చరికలను, దోష సందేశాలను కలిపి స్థూలంగా ప్యాకేజీ హెచ్చరికలని పిలుస్తారు. వీటిలో ఎక్కువ భాగం అపాయం లేనివే అయినా, యంత్రం మళ్లీ బూట్ కాకుండా పోయే ప్రమాదాన్ని ముందుగా చెప్పేవి కూడా వాటి నడుమనే, అవే అక్షరాల్లో, అదే వేగంతో కదిలిపోతాయి. అందువల్ల ఒక హెచ్చరికను దాని మాటల తీవ్రతను బట్టి కాక, దాన్ని ఏ ప్రోగ్రాము రాసింది, నవీకరణ ఏ దశలో ఉండగా రాసింది, దానివల్ల ఏ పని పూర్తికాకుండా మిగిలింది అనే మూడు విషయాలను బట్టి అంచనా వేయవలసి ఉంటుంది.

తేలికపాటి వ్యవస్థల్లో ఈ హెచ్చరికలు పూర్తిస్థాయి డెస్క్‌టాప్ వ్యవస్థల్లో కన్నా ఎక్కువగా కనిపించడానికి కారణాలు వాటి నిర్మాణంలోనే ఉన్నాయి. స్థలం ఆదా కోసం సహాయక ప్యాకేజీలను, మాన్యువల్ పేజీలను, అనువాద ఫైళ్లను తీసివేయడం వల్ల, అవి ఉంటాయని ఊహించి రాసిన స్క్రిప్టులు అవి లేవని ఫిర్యాదు చేస్తాయి. డిస్కు చిన్నది కావడం వల్ల నవీకరణ సగంలో ఆగే అవకాశం పెరుగుతుంది. పైగా ఇలాంటి వ్యవస్థలు నడిచే యంత్రాలు చాలావరకు పాతవి కాబట్టి, పంపిణీలు పాత ప్రాసెసర్లకు మద్దతు ఆపివేసినప్పుడు ఆ దెబ్బ మొదట వాటికే తగులుతుంది.

నేపథ్యం

ఈ రంగంలో విస్తృతంగా వాడుకలో ఉన్న పరికరాలు డెబియన్ ప్రాజెక్టు నుంచి వచ్చాయి. 1993 ఆగస్టులో ఇయన్ మర్డాక్ ప్రారంభించిన ఆ ప్రాజెక్టులో మరుసటి ఏడాదే డీపీకేజీ అనే ప్యాకేజీ నిర్వాహకం రూపుదిద్దుకుంది. ఒక ప్యాకేజీని విప్పడం, దాని ఫైళ్లను వాటి వాటి స్థానాల్లో ఉంచడం, స్క్రిప్టులను నడపడం, ఏది ఏ స్థితిలో ఉందో నమోదు చేయడం దీని పని. అయితే కావలసిన ఇతర ప్యాకేజీలను ఎక్కడినుంచి తేవాలో దానికి తెలియదు. ఆ లోటును తీర్చడానికి ఆప్ట్ అనే పై అంచె తయారై, 1999 మార్చిలో విడుదలైన డెబియన్ 2.1తో వాడుకదారులకు అందింది. రిపాజిటరీ అనే నెట్‌వర్కు నిల్వ నుంచి జాబితాలను దింపుకొని, ఏ ప్యాకేజీకి ఏది కావాలో లెక్కకట్టి, ఫైళ్లను దింపి, చివరికి వాటిని డీపీకేజీకి అప్పగించడం ఆప్ట్ చేసే పని. లుబుంటు, యాంటీఎక్స్, రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ మూడూ ఈ రెండు అంచెల మీదనే నిలబడ్డాయి. ఆల్పైన్ లినక్స్ మాత్రం ఏపీకే అనే సొంత నిర్వాహకాన్ని వాడుతుంది. దాని సంగతి విడిగా చెప్పుకోవలసినది.

సందేశాల స్వరూపం

ఆప్ట్ తన సందేశాల ముందు ఒక్కో ఆంగ్ల అక్షరం ఉంచుతుంది. ఎన్ అంటే గమనిక, డబ్ల్యూ అంటే హెచ్చరిక, ఈ అంటే దోషం. గమనిక వచ్చినా, హెచ్చరిక వచ్చినా పని ముందుకు సాగుతుంది. దోషం వస్తే ఆ దశ ఆగిపోతుంది. డీపీకేజీ మాత్రం తన పేరు రాసి, ఆ వెంటనే హెచ్చరిక అనో దోషం అనో చెబుతుంది. ఇవి కాక ప్రతి ప్యాకేజీలోని స్క్రిప్టులు, కెర్నల్‌తో పాటు బూట్ సమయంలో ఎక్కే ప్రాథమిక ఫైల్ వ్యవస్థను తయారుచేసే ప్రోగ్రాము, ప్యాకేజీలు వాడుకదారును ప్రశ్నలు అడగడానికి ఉపయోగపడే డెబ్‌కాన్ఫ్ అనే ప్రోగ్రాము కూడా అదే తెర మీద తమ మాటలు రాస్తాయి. వీటిలో ప్రాథమిక ఫైల్ వ్యవస్థను తయారుచేసే ప్రోగ్రాము కూడా డబ్ల్యూ అక్షరాన్నే వాడుతుంది కాబట్టి, అక్షరాన్ని ఒక్కదాన్నే చూసి ఆ సందేశాన్ని ఆప్ట్ రాసిందని అనుకుంటే పొరపాటు అవుతుంది.

నవీకరణ దశలు స్థూలంగా ఇలా సాగుతాయి: ముందు రిపాజిటరీల జాబితాలు దిగుతాయి, తర్వాత ఏవి చేర్చాలో ఏవి తొలగించాలో లెక్క తేలుతుంది, ప్యాకేజీలు దిగుతాయి, ఒక్కొక్కటిగా విప్పుకుంటాయి, చివరికి అమరికలు పూర్తవుతాయి. మొదటి మూడు దశల్లో ఏ హెచ్చరిక వచ్చినా యంత్రంలో అప్పటికి ఏమీ మారలేదు కనుక నిదానంగా ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది. విప్పడం మొదలైన తర్వాత వచ్చే దోషానికి మాత్రం ఆ వ్యవధి ఉండదు. ఆ స్థితిలో యంత్రాన్ని ఆపివేయడం కన్నా మిగిలిన పనిని పూర్తిచేయడమే క్షేమం.

జాబితాలు దింపే దశలోని హెచ్చరికలు

పాత యంత్రాల్లో తరచూ ఎదురయ్యే ఒక సందేశం, రిపాజిటరీలోని విడుదల ఫైలు ఇంకా చెల్లుబాటులోకి రాలేదని, మరికొన్ని గంటలో రోజులో ఆగాలని చెబుతుంది. చూడడానికి ఇది రిపాజిటరీలోని లోపంలా కనిపించినా, అసలు కారణం చాలాసార్లు మదర్‌బోర్డు మీద గడియారాన్ని నడిపే నాణెంలాంటి బ్యాటరీ అయిపోవడమే. యంత్రం తేదీ వెనక్కి పోవడంతో సంతకం చేసిన తేదీ దానికి భవిష్యత్తులా కనిపిస్తుంది. సొంత గడియారం లేని రాస్ప్‌బెర్రీ పై నమూనాల్లో నెట్‌వర్కు నుంచి సమయం అందకముందే నవీకరణ మొదలుపెడితే ఇదే సందేశం వస్తుంది. తేదీ సరిచేయడంతో ఇది పోతుంది. దీనికోసం సంతకాల పరిశీలనను ఆపివేయడం పూర్తిగా తప్పు.

రెండో రకం సందేశం, రిపాజిటరీ తన హోదాను స్థిర స్థాయి నుంచి పాత స్థిర స్థాయికి మార్చుకుందని తెలియజేస్తుంది. డెబియన్ కొత్త విడుదల వెలువడినప్పుడు అంతకు ముందరి విడుదల హోదా సహజంగానే తగ్గుతుంది. 2021 ఆగస్టులో డెబియన్ 11 విడుదలైనప్పుడు దానికి ముందరి బస్టర్ విడుదల మీద నడుస్తున్న ఎన్నో రాస్ప్‌బెర్రీ పై యంత్రాల్లో నవీకరణ ఈ కారణంగానే నిలిచిపోయింది. ఆప్ట్ ఆదేశం దీన్ని ప్రశ్నగా అడిగి సమ్మతి తీసుకుంటుంది. ఆప్ట్-గెట్ అనే పాత ఆదేశం మాత్రం ప్రత్యేక ఐచ్ఛికం ఇస్తే తప్ప దోషంగా ప్రకటించి ఆగుతుంది. ఈ సందేశంలో అపాయం లేదు గానీ, ఆ యంత్రం వాడుతున్న విడుదలకు మద్దతు కాలం కరగడం మొదలైందన్న సమాచారం అందులో ఉంది.

మూడోది సంతకపు తాళాలకు సంబంధించినది. రిపాజిటరీ జాబితాలు నిజంగా ఆ పంపిణీ నుంచే వచ్చాయని నిర్ధారించడానికి ఆప్ట్ ముందే భద్రపరిచిన తాళాలతో సంతకాన్ని సరిపోల్చుతుంది. ఒకప్పుడు అన్ని తాళాలను ఒకే గుత్తిలో చేర్చే ఆప్ట్-కీ అనే ఆదేశం ఉండేది. ఆ గుత్తిలోని ఏ తాళమైనా ఏ రిపాజిటరీకైనా చెల్లుబాటయ్యేది కాబట్టి, బ్రౌజరు కోసం చేర్చిన ఒక బయటి రిపాజిటరీ తాళంతో మూల వ్యవస్థ ప్యాకేజీలను కూడా నమ్మించే వీలుండేది. ఈ పద్ధతిని డెబియన్ క్రమంగా విడిచిపెట్టి, ప్రతి రిపాజిటరీకి దాని తాళాన్ని విడిగా చూపించే విధానాన్ని తెచ్చింది. తాళం పాత గుత్తిలో ఉందన్న హెచ్చరిక ఆ మార్పులో భాగం. దాన్ని కొన్నేళ్లు పట్టించుకోకపోయినా నవీకరణ జరుగుతూనే ఉంటుంది గనుక చాలామంది అలాగే వదిలేస్తారు; 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో ఆప్ట్-కీ ఆదేశమే లేకపోవడంతో, దాని మీద ఆధారపడిన పాత ఇన్‌స్టాల్ స్క్రిప్టులు పనిచేయడం మానేశాయి. ఇలా ఈ విడుదలలో హెచ్చరికగా ఉన్నది వచ్చే విడుదలలో దోషంగా మారడం ప్యాకేజీ వ్యవస్థల్లో మామూలు క్రమం.

వీటి పక్కనే వచ్చే మరో గమనిక, ఫలానా రిపాజిటరీ 32 బిట్ ప్యాకేజీలను అందించడం లేదు కాబట్టి ఆ జాబితాను వదిలివేస్తున్నానని చెబుతుంది. 64 బిట్ వ్యవస్థలో ఏదో పాత ప్రోగ్రాము కోసం 32 బిట్ మద్దతును కూడా చేర్చుకున్నవారికి ఇది కనిపిస్తుంది. ఆ రిపాజిటరీ వివరాల్లో 64 బిట్ అని స్పష్టంగా రాస్తే సరిపోతుంది.

లెక్కకట్టే దశ: నిలిపిన ప్యాకేజీలు, తొలగింపులు

కొన్ని ప్యాకేజీలను వెనక్కి నిలిపినట్టు ఆప్ట్ చెప్పినప్పుడు కారణాలు మూడు ఉండవచ్చు. కొత్త వెర్షనుకు ఇంతవరకు లేని మరో ప్యాకేజీ కావలసి రావడమో, ఉన్న ప్యాకేజీని తీసివేయవలసి రావడమో ఒకటి. వాడుకదారు ముందెప్పుడో దాన్ని కదలకుండా పట్టి ఉంచడం రెండోది. ఉబుంటు కుటుంబంలో మూడో కారణం కూడా ఉంది: కొత్త ప్యాకేజీని అన్ని యంత్రాలకూ ఒకేసారి ఇవ్వకుండా కొంత శాతం చొప్పున విడతలుగా విడుదల చేయడం 21.04 సంచిక నుంచి ఆప్ట్‌లోనే అమలవుతోంది. విడతల కారణంగా ఆగిన ప్యాకేజీని బలవంతంగా చేర్చవలసిన అవసరం లేదు. కొద్ది రోజుల్లో అదే వస్తుంది. పట్టి ఉంచిన ప్యాకేజీలను ఆప్ట్-మార్క్ ఆదేశంతో చూడవచ్చు, పెద్ద విడుదలకు మారేముందు వాటిని విడిచిపెట్టడం మంచిది.

సాధారణ అప్‌గ్రేడ్ ఆదేశం ఏ ప్యాకేజీనీ తొలగించదు; ఫుల్-అప్‌గ్రేడ్ ఆదేశం మాత్రం అవసరమైతే తొలగిస్తుంది. కాబట్టి రెండో ఆదేశం ఇచ్చినప్పుడు తెర మీద కనిపించే తొలగింపుల జాబితాయే మొత్తం నవీకరణలో అత్యంత శ్రద్ధగా చదవవలసిన భాగం. ఆ జాబితా పొడుగ్గా ఉన్నంతమాత్రాన ప్రమాదమని కాదు. డెబియన్ 13లో, 2038 జనవరి 19 తర్వాతి తేదీలను 32 బిట్ సమయ గణన మోయలేదన్న సమస్యను పరిష్కరించడానికి వందలాది లైబ్రరీలను 64 బిట్ సమయానికి మార్చి, వాటి పేర్ల చివర టీ64 అనే గుర్తు చేర్చారు. ఆ విడుదలకు మారేటప్పుడు పాత పేర్లన్నీ తొలగింపుల్లోనూ, అవే కొత్త పేర్లతో చేర్పుల్లోనూ కనిపిస్తాయి. జత కుదిరే తొలగింపులు పేరు మార్పులు మాత్రమే. జత కుదరని తొలగింపులు, అందులోనూ డెస్క్‌టాప్, లాగిన్ తెర, నెట్‌వర్కు నిర్వాహకం, బూట్ లోడర్ పేర్లు కనిపిస్తే, అక్కడ ఆగి కారణం తెలుసుకోవాలి.

ఈ జాబితాను చదవకపోతే ఏమవుతుందో 2021 నవంబరులో ప్రపంచమంతా చూసింది. కెనడాకు చెందిన ప్రసిద్ధ వీడియో వ్యాఖ్యాత లైనస్ సెబాస్టియన్ పాప్ ఓఎస్ మీద స్టీమ్ అనే ఆటల ప్రోగ్రామును ఇన్‌స్టాల్ చేయబోగా, ఆ సమయంలో రిపాజిటరీలో ఉన్న వెర్షన్ల పొంతనలేమి వల్ల డెస్క్‌టాప్‌కు మూలమైన ప్యాకేజీలను తొలగిస్తే తప్ప కుదరదని ఆప్ట్ లెక్కతేల్చింది. ఆ సంగతి చెబుతూ, చెప్పినట్టే చేయమని అర్థం వచ్చే పూర్తి వాక్యాన్ని టైపు చేయమని అడిగింది. ఆయన టైపు చేశారు, డెస్క్‌టాప్ మాయమైంది. హెచ్చరిక స్పష్టంగానే ఉంది కానీ, పొడవాటి జాబితా కింద, మామూలు సందేశాల ధోరణిలోనే ఉండడంతో దాని బరువు చదువరికి తెలియలేదు. ఆ తర్వాత ఆప్ట్ ఆదేశం అలాంటి వాక్యాన్ని అడగడం మానేసి, ప్రత్యేక ఐచ్ఛికాన్ని విడిగా ఇస్తే తప్ప పనిని ఆపివేసేలా మారింది. అనంతరం 2025లో వచ్చిన ఆప్ట్ 3.0 తొలగింపులను ఎరుపు రంగులో విడిగా చూపుతోంది. హెచ్చరికను ఇవ్వడం ఒక్కటే కాకుండా అది చదివేలా ఇవ్వడం కూడా సాఫ్ట్‌వేరు రూపకర్తల బాధ్యతేనని ఈ మార్పులు గుర్తించడం హర్షించదగినది.

ఇక అవసరం తీరిన ప్యాకేజీలను ఆటోరిమూవ్ ఆదేశంతో తొలగించవచ్చన్న సూచన తేలికపాటి వ్యవస్థల వాడుకదారులను సహజంగానే ఆకర్షిస్తుంది. ఆప్ట్ దృష్టిలో అవసరం తీరినదంటే, మరో ప్యాకేజీ కోసం తనంతట తాను వచ్చి, ఇప్పుడు ఎవరికీ కావలసి లేనిది. డెస్క్‌టాప్ మొత్తాన్ని ఒక్క గుత్త ప్యాకేజీ పట్టి ఉంచే వ్యవస్థల్లో, అందులో అక్కరలేదనిపించిన ఒక ప్రోగ్రామును తీసివేస్తే ఆ గుత్త ప్యాకేజీ కూడా పోయి, మిగిలిన డెస్క్‌టాప్ భాగాలు అవసరం తీరినవాటి జాబితాలో చేరవచ్చు. ఉంచుకోదలచినవాటిని చేత్తో ఇన్‌స్టాల్ చేసినవిగా గుర్తు పెట్టిన తర్వాతనే ఈ ఆదేశాన్ని నడపాలి. పైగా నవీకరణ తర్వాత ఒకసారి రీబూట్ చేసి, కొత్త కెర్నల్ పనిచేస్తోందని తేల్చుకున్నాక దాన్ని నడపడం వివేకం.

స్థలాభావం, సగంలో ఆగిన నవీకరణ

ఎనిమిది లేదా పదహారు గిగాబైట్ల నిల్వ ఉన్న యంత్రాల్లో దించిన ప్యాకేజీలకు చోటు చాలదన్న దోషం తరచుగా వస్తుంది. ఇది దించే ముందే వస్తుంది కాబట్టి భయపడవలసింది లేదు. ఆప్ట్ క్లీన్ ఆదేశంతో పాత దిగుబడులను తుడిచివేయడం, అవసరం లేని పెద్ద ప్రోగ్రాములను తీసివేయడం చాలావరకు సరిపోతాయి. బూట్ విభజన విడిగా ఉన్న యంత్రాల్లో అది నిండిపోవడం ఇంతకన్నా తీవ్రమైనది. కెర్నల్ ప్యాకేజీ విప్పుకున్న తర్వాత, దానికి తోడుగా ఉండే ప్రాథమిక ఫైల్ వ్యవస్థ చిత్రాన్ని రాసేటప్పుడు చోటు చాలకపోతే, ఆ చిత్రం అసంపూర్ణంగా మిగిలి కొత్త కెర్నల్ బూట్ కాదు. ఫర్మ్‌వేర్ ఫైళ్ల పరిమాణం పెరగడంతో డెబియన్ 13కి మారేముందు బూట్ విభజన కనీసం 768 మెగాబైట్లు ఉండాలని, అందులో దాదాపు 300 మెగాబైట్లు ఖాళీగా ఉండాలని ఆ విడుదల పత్రాలు సూచిస్తున్నాయి. పాత పద్ధతిలో చిన్న బూట్ విభజన చేసుకున్నవారు ఈ పరిమితిని ముందే చూసుకోవాలి.

విద్యుత్తు పోవడం వల్లనో, మెమరీ చాలక కెర్నల్ ఆ ప్రక్రియను చంపివేయడం వల్లనో నవీకరణ మధ్యలో ఆగిపోతే, తర్వాతి ప్రయత్నంలో డీపీకేజీకి అంతరాయం కలిగిందన్న సందేశం వస్తుంది. డీపీకేజీ ప్రతి ప్యాకేజీ స్థితిని అడుగడుగునా నమోదు చేస్తుంది గనుక, విప్పి అమర్చనివి ఏవో, సగం అమర్చినవి ఏవో దానికి తెలుసు. మిగిలినవాటన్నిటినీ అమర్చమనే దాని ఐచ్ఛికాన్ని నడిపి, ఆ తర్వాత తెగిన సంబంధాలను సరిచేయమని ఆప్ట్‌ను కోరితే చాలా సందర్భాల్లో వ్యవస్థ కోలుకుంటుంది. ఇటువంటి సమయంలో డీపీకేజీ తాళపు ఫైలును చేత్తో చెరిపివేయమనే సలహా విరివిగా వినిపిస్తుంది. నిజంగా మరో ప్రక్రియ నడుస్తుండగా ఆ ఫైలును చెరిపితే ఇద్దరు ఒకేసారి ఒకే నమోదు పుస్తకంలో రాసినట్టవుతుంది; కాబట్టి నేపథ్యంలో తనంతట తాను నడిచే నవీకరణ ముగిసేవరకు వేచి ఉండడమే సరైన పని.

నిరపాయకరమైన సందేశాలు

తేలికపాటి వ్యవస్థల్లో మాత్రమే విరివిగా కనిపించే కొన్ని సందేశాలు చూడడానికి గంభీరంగా ఉన్నా వాటివల్ల నష్టం లేదు. ఆప్ట్-యుటిల్స్ లేనందువల్ల ప్యాకేజీ అమరికను వాయిదా వేస్తున్నామనేది వాటిలో ఒకటి. ముందుగా అడగవలసిన ప్రశ్నలను ఆ ప్యాకేజీ వంతు వచ్చినప్పుడు అడుగుతామని దాని అర్థం. డైలాగ్ ప్రోగ్రాము లేదు కాబట్టి మామూలు అక్షరాల రూపంలో అడుగుతున్నామని డెబ్‌కాన్ఫ్ చెప్పేది మరొకటి. మాన్యువల్ పేజీ లేనందువల్ల దానికి లంకె వేయడం లేదన్న సందేశం, మాన్యువల్ పేజీలను కావాలనే మినహాయించిన వ్యవస్థల్లో వస్తుంది. పాత డైరెక్టరీ ఖాళీగా లేనందువల్ల తొలగించలేకపోయానని డీపీకేజీ రాసే హెచ్చరిక, అందులో వాడుకదారు గానీ మరో ప్రోగ్రాము గానీ పెట్టిన ఫైళ్లు ఉన్నాయని మాత్రమే తెలుపుతుంది.

ఫలానా చోదకానికి ఫర్మ్‌వేర్ దొరకకపోవచ్చునన్న హెచ్చరిక మాత్రం ఒక్కో యంత్రాన్ని బట్టి అర్థం మారేది. ఫర్మ్‌వేర్ అంటే వైఫై చిప్పు, గ్రాఫిక్స్ చిప్పు వంటి భాగాల్లోకి ఎక్కించవలసిన చిన్న ప్రోగ్రాము. ఒకే చోదకం ఎన్నో తరాల చిప్పులకు పనికివస్తుంది కాబట్టి, ఇంటెల్ గ్రాఫిక్స్ చోదకం విషయంలో యంత్రంలో లేని కొత్త చిప్పుల ఫైళ్లు లేవని కూడా ఈ హెచ్చరిక వరుసగా రాస్తుంది, అవన్నీ వదిలివేయదగినవే. అదే సందేశంలో ఆ యంత్రంలోని వైఫై చిప్పు పేరు ఉంటే మాత్రం, రీబూట్ తర్వాత నెట్‌వర్కు అందకుండా పోయి, కావలసిన ప్యాకేజీని దింపుకునే దారి కూడా మూసుకుపోవచ్చు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12, ఫర్మ్‌వేర్‌ను నాన్-ఫ్రీ అనే పాత విభాగం నుంచి వేరుచేసి, నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ అనే కొత్త విభాగంలో పెట్టింది. ఆ మార్పును తెలిపే గమనికను చదివి, రిపాజిటరీ వివరాల్లో కొత్త పేరు చేర్చని యంత్రాలకు ఫర్మ్‌వేర్ నవీకరణలు అందడం ఆగిపోయింది.

కాన్ఫిగరేషన్ ఫైళ్ల మీద ప్రశ్న

వాడుకదారు స్వయంగా మార్చుకున్న కాన్ఫిగరేషన్ ఫైలుకు కొత్త ప్యాకేజీ మరో రూపం తెచ్చినప్పుడు డీపీకేజీ తనంతట తాను నిర్ణయం తీసుకోదు; పాతదాన్ని ఉంచాలా, కొత్తదాన్ని పెట్టాలా అని అడుగుతుంది. ఏమీ రాయకుండా ఎంటర్ నొక్కితే పాతదే మిగులుతుంది. వై లేదా ఐ అక్షరం నొక్కితే కొత్తది వస్తుంది, డి నొక్కితే రెండింటి మధ్య తేడా కనిపిస్తుంది, జెడ్ నొక్కితే పరిశీలన కోసం తాత్కాలికంగా షెల్‌లోకి వెళ్లవచ్చు. ఏది ఎంచుకున్నా రెండో ప్రతి పోదు: పాతదాన్ని ఉంచితే కొత్తది డీపీకేజీ-డిస్ట్ అనే తోకతోనూ, కొత్తదాన్ని పెడితే పాతది డీపీకేజీ-ఓల్డ్ అనే తోకతోనూ పక్కనే ఉంటాయి.

డి నొక్కి తేడా చూడకుండా సమాధానం ఇవ్వడం ఈ ప్రశ్న విషయంలో జరిగే సాధారణమైన తప్పు. తాను చేసిన మార్పు ఏదో గుర్తులేనప్పుడు, పాతదే ఉంచడం క్షేమమని చాలామంది భావిస్తారు. వారి ఊహ తరచుగా నిజమే. కానీ ప్రోగ్రాము కొత్త వెర్షను పాత అమరిక పదాలను గుర్తించకుండా పోయిన సందర్భాల్లో ఆ సేవ ప్రారంభం కాదు. దూరంగా ఉన్న యంత్రాన్ని ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా నవీకరించేటప్పుడు ఎస్‌ఎస్‌హెచ్ సర్వరు అమరికకు సంబంధించిన ప్రశ్న వస్తే, తేడా చూసి, కొత్త ఫైలును పరీక్షించి, ఉన్న కనెక్షన్ తెంచకుండా రెండో కనెక్షన్ తెరిచి చూసిన తర్వాతే ముగించడం అనుభవజ్ఞుల పద్ధతి.

పెద్ద విడుదలకు మారడం

ఒక విడుదలలోపలి నవీకరణలో వచ్చే హెచ్చరికలకూ, ఒక విడుదల నుంచి మరోదానికి మారేటప్పుడు ఎదురయ్యేవాటికీ తూకంలో తేడా ఉంది. డెబియన్ మధ్యలో ఒక విడుదలను దాటవేసి మారడాన్ని సమర్థించదు. ముందుగా కొత్త ప్యాకేజీలు చేర్చని కనీస అప్‌గ్రేడ్ చేసి, ఆ తర్వాత ఫుల్-అప్‌గ్రేడ్ చేయమని, అదంతా స్క్రిప్ట్ అనే ఆదేశంతో ఒక ఫైలులోకి నమోదు చేసుకోమని డెబియన్ విడుదల పత్రాలు చెబుతాయి. తెర మీద కదిలిపోయిన హెచ్చరికను తర్వాత చదవడానికి ఆ నమోదు ఉపయోగపడుతుంది. ఆప్ట్ కూడా తన చరిత్రను, టెర్మినల్ సంభాషణను లాగ్ ఫైళ్లలో విడిగా దాచుకుంటుంది.

అయితే కొన్ని ప్రమాదాలను ఏ ప్యాకేజీ నిర్వాహకమూ తెర మీద చెప్పదు. లుబుంటు 18.10 సంచికలో ఎల్‌ఎక్స్‌డీఈ అనే డెస్క్‌టాప్‌ను విడిచి ఎల్‌ఎక్స్‌క్యూటీకి మారింది. 18.04 నుంచి తర్వాతి సంచికలకు నేరుగా అప్‌గ్రేడ్ చేయడాన్ని తాము సమర్థించబోమని, చేస్తే వ్యవస్థ చెడుతుందని లుబుంటు బృందం విడుదల పత్రాల్లో స్పష్టంగా రాసింది. ప్యాకేజీల లెక్కలో మాత్రం అది మామూలు నవీకరణగానే కనిపిస్తుంది, ఎందుకంటే ఆప్ట్ చూసేది ప్యాకేజీల మధ్య సంబంధాలనే కానీ వాడుకదారు ఇంటి డైరెక్టరీలోని పాత అమరికలను కాదు. 32 బిట్ కంప్యూటర్ల కథ కూడా ఇదే. లుబుంటు 19.04 నుంచి 32 బిట్ కూర్పును ఇవ్వడం లేదు. డెబియన్ 13 ఆ ప్రాసెసర్లకు ఇన్‌స్టాలర్‌నూ కెర్నల్‌నూ ఆపివేసి, 64 బిట్ యంత్రాల్లో పాత ప్రోగ్రాములు నడపడానికి మాత్రమే 32 బిట్ ప్యాకేజీలను ఉంచింది. 32 బిట్ వ్యవస్థను ఆ విడుదలకు మార్చవద్దని పత్రాల్లోనే చెప్పింది. అయితే 32 బిట్ వ్యవస్థ నడుస్తున్న ప్రతి యంత్రమూ 32 బిట్ యంత్రం కాదు. ప్రాసెసరు 64 బిట్‌ను సమర్థిస్తుందో లేదో ఎల్‌ఎస్‌సీపీయూ ఆదేశం చెబుతుంది. సమర్థిస్తే 64 బిట్ కూర్పును కొత్తగా ఇన్‌స్టాల్ చేసి అదే యంత్రాన్ని మరికొన్నేళ్లు వాడుకోవచ్చు.

భాషకు సంబంధించిన హెచ్చరికలు

తెలుగు లొకేల్‌ను ఎంచుకున్న వ్యవస్థల్లో ఒక ప్రత్యేక సమస్య ఉంది. లొకేల్ అంటే భాష, ప్రాంతం, అక్షర సంకేతనం, తేదీ రాసే తీరు వంటి ఎంపికల సముదాయం. స్థలం ఆదా కోసం లొకేల్ దత్తాంశాన్ని తొలగించిన వ్యవస్థలో తెలుగును ఎంచుకుంటే, లొకేల్ అమర్చడం విఫలమైందని, మూల లొకేల్‌కు తిరిగి వెళ్తున్నానని పెర్ల్ అనే స్క్రిప్టు భాషా ప్రోగ్రాము ప్రతి ప్యాకేజీ దగ్గరా నాలుగైదు వరుసల హెచ్చరిక రాస్తుంది. దానివల్ల నవీకరణకు నష్టం లేదు గానీ, ఆ వరుసల రద్దీలో ముఖ్యమైన హెచ్చరిక కనిపించకుండా పోతుంది. తెలుగు లొకేల్‌ను ఒకసారి తయారుచేయిస్తే ఇది ఆగుతుంది. ఇక గ్రాఫిక్స్ లేని లినక్స్ కన్సోల్ ఒత్తులను, గుణింతాలను కూర్చి చూపలేదు. అక్కడ తెలుగు సందేశాలు పెట్టెలుగా మారతాయి. కన్సోల్ నుంచి నవీకరించేటప్పుడు ఆ ఒక్క ఆదేశానికి సీ అనే ఆ మూల లొకేల్‌ను వర్తింపజేస్తే సందేశాలు చదవడానికి వీలవుతుంది.

ఆల్పైన్ పద్ధతి

2005లో నటనేల్ కోపా మొదలుపెట్టిన ఆల్పైన్ లినక్స్ ఇదే పనిని భిన్నంగా చేస్తుంది. వాడుకదారు కోరిన ప్యాకేజీల పేర్లను వరల్డ్ అనే చిన్న ఫైలులో రాసుకొని, వ్యవస్థ మొత్తం ఆ ఫైలుకు తగినట్టు ఉండేలా ఏపీకే చూస్తుంది. అది సాధ్యం కాకపోతే ఏ ఫైలునూ ముట్టకుండా, ఏ ప్యాకేజీకి ఏది అడ్డు వచ్చిందో చెట్టు ఆకారంలో రాసి ఆగుతుంది. కాన్ఫిగరేషన్ ఫైళ్ల విషయంలో ఇది ప్రశ్న అడగదు. మార్చిన ఫైలును అలాగే ఉంచి, కొత్తదాన్ని ఏపీకే-న్యూ అనే తోకతో పక్కన పెడుతుంది. అంతరాయం లేని ఈ పద్ధతి సర్వర్లకు సుఖమే అయినా, అడగని ప్రశ్నకు సమాధానం వాయిదా పడుతుందే గానీ రద్దు కాదు. అప్‌డేట్-కాన్ఫ్ అనే పరికరంతో ఆ ఫైళ్లను ఒక్కొక్కటిగా పోల్చుకోవలసిందే. డిస్కులో కాక మెమరీలో నడిచే ఆల్పైన్ యంత్రాల్లో నవీకరణ తర్వాత ఎల్‌బీయూ కమిట్ ఆదేశం ఇవ్వకపోతే, రీబూట్‌తో అమరికల్లోని మార్పులు పోతాయి.

నవీకరణ తర్వాతి పరిశీలన

నవీకరణ ముగిసిన వెంటనే ఆప్ట్ ఏ దోషమూ లేదని చెప్పినా, డీపీకేజీ ఆడిట్ ఐచ్ఛికంతో సగంలో మిగిలినవి ఉన్నాయేమో చూడాలి. ప్యాకేజీ జాబితాలో ప్రతి వరుస ముందు ఉండే రెండు అక్షరాల్లో ఐఐ అంటే సరిగా ఇన్‌స్టాల్ అయిందని, ఆర్‌సీ అంటే ప్రోగ్రాము పోయి దాని కాన్ఫిగరేషన్ ఫైళ్లు మిగిలాయని అర్థం. ఏ రిపాజిటరీలోనూ లేని ప్యాకేజీలను కూడా ఆప్ట్ విడిగా చూపగలదు. అవి పాత విడుదల నుంచి మిగిలినవో, బయటి నుంచి తెచ్చుకున్నవో అయి ఉంటాయి, వాటికి భద్రతా సవరణలు ఇక రావు. నీడ్‌రీస్టార్ట్ అనే ప్రోగ్రాము ఉన్నచోట, డిస్కు మీద లైబ్రరీ మారినా మెమరీలో పాతదాన్నే పట్టుకొని నడుస్తున్న సేవల పేర్లను అది చూపుతుంది. మెమరీ తక్కువైన యంత్రాల్లో వాటిని ఒక్కొక్కటిగా పునఃప్రారంభించే కన్నా రీబూట్ చేయడమే తేలిక. రీబూట్ అయ్యాక నడుస్తున్న కెర్నల్ వెర్షనును యూనేమ్ ఆదేశంతో సరిచూసుకొని, అది కొత్తదే అయితే అప్పుడు ఆటోరిమూవ్‌తో పాత కెర్నల్‌లను తొలగించి బూట్ విభజనలో తర్వాతి నవీకరణకు చోటు చేసుకోవచ్చు.